ఊడిపోయే కాలరే పిల్లికి రక్ష

పిల్లి మెడకు కాలర్ కొనేటప్పుడు రంగు, మువ్వ తర్వాతి సంగతి. ఎక్కడైనా చిక్కుకుంటే అది ఊడి వస్తుందా అన్నది ముందు చూడాలి. పిల్లి ప్రహరీ ఎక్కుతుంది, కిటికీ ఊచల్లోంచి దూరుతుంది, కొమ్మల మీంచి దూకుతుంది. ఆ దూకుడులో కాలర్ ఏ మేకుకో తగులుకుంటే ఒంటి బరువంతా మెడమీదే పడుతుంది. అందుకే కుక్కల కోసం చేసిన గట్టి బకిల్ బెల్టులు పిల్లికి పనికిరావు. ముడివేసి కట్టిన నల్లతాడు, రిబ్బను కూడా అంతే ప్రమాదం.

పిల్లికి తగినది ‘బ్రేక్‌అవే’ కాలర్. దాని ప్లాస్టిక్ క్లిప్పు గట్టిగా లాగితే దానంతటదే విడిపోతుంది. అయితే కొన్ని క్లిప్పులు బాగా బిగుతుగా ఉంటాయి. తొడిగే ముందే రెండు చివరలూ పట్టుకుని లాగి చూడాలి. పిల్లి బరువుకు ఊడనిది ఏ పేరుతో అమ్మినా ఒకటే.

ఎలాస్టిక్ కాలర్ల విషయంలో చాలామంది పొరబడతారు. పట్టీ సాగుతుంది కాబట్టి మెడ బయటపడుతుందని వాటిని రూపొందించారు. కానీ ఆ సాగే పట్టీలోకి పిల్లి ముంగాలు దూరిపోతుంది. అప్పుడు పట్టీ చంకలో ఇరుక్కుని, కదిలినప్పుడల్లా చర్మాన్ని కోస్తుంది. అలాంటి పుండు ఒక పట్టాన మానదు, శస్త్రచికిత్స దాకా వెళ్తుంది. వదులుగా కట్టిన ఏ కాలర్‌తోనైనా ఇదే ముప్పు. ఒళ్లు నాక్కునేటప్పుడు కింది దవడ అందులో ఇరుక్కోవచ్చు కూడా. మెడకూ పట్టీకీ మధ్య ఒకటి రెండు వేళ్లు పట్టాలి, అంతకు మించకూడదు. కూనలు త్వరగా పెరుగుతాయి కనుక వాటి కాలర్‌ను వారం వారం సరిచూడాలి.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 538 పిల్లులకు మూడు రకాల కాలర్లు తొడిగి ఆరు నెలలు గమనించారు. 2010లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 391 పిల్లులు గడువంతా కాలర్‌తోనే ఉన్నాయి. 18 పిల్లులకు మాత్రం కాలు లేదా నోరు ఇరుక్కోవడం, కాలర్ ఏదో వస్తువుకు తగులుకోవడం వంటివి జరిగాయి. ‘మా పిల్లి ఉంచుకోదు’ అని ముందే వదిలేయనక్కర్లేదు గానీ, తొడిగిన మొదటి రోజుల్లో కనిపెట్టుకుని ఉండాలి.

కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ మందును, అది ఉన్న గోమార్ల కాలర్‌ను పిల్లి దరికి రానివ్వకూడదు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. షికారుకు తీసుకెళ్లాలంటే తాడును కాలర్‌కు కాక ఛాతీకి తొడిగే హార్నెస్‌కు కట్టాలి.

కాలర్ మీద ఫోన్ నంబరు రాయించడం మంచిదే. కానీ ఊడేలా చేసిన కాలర్ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. అందుకే చర్మం కింద బియ్యపుగింజంత గుర్తింపు మైక్రోచిప్ కూడా ఉండాలి. ఇంగ్లండ్‌లో పెంపుడు పిల్లులకు 2024 జూన్ 10 నుంచి అది తప్పనిసరి. కాలర్ తరచూ పోతోందని విసిగి గట్టి బకిల్‌కు మారకండి. పోయినప్పుడల్లా మరో బ్రేక్‌అవే కాలరే కొనండి.