జొన్నకు రక్ష – పశువుకు విషం

జొన్న మోళ్ళ నుండి మొలిచే లేత పిలకలను మన పెద్దలు ‘నాము’ అన్నారు. నాము మేసిన పశువు కూలిపోతుందని పాడి రైతులకు తెలియనిది కాదు. అయినా మేము తనిఖీకి వెళ్ళే సంఘాలలో సభ్యులు ఒక ప్రశ్న తరచు అడుగుతుంటారు: “నిరుడు ఇదే చేలో మేపాము, ఏమీ కాలేదు. ఈ ఏడు ఎందుకు విషమైంది?” చేను మారలేదు, విత్తనమూ మారలేదు, మారినది వాన.

జొన్న మొక్క తన ఆకులలో ‘ధూరిన్’ అనే పదార్థాన్ని తయారు చేసుకొంటుంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రజ్ఞులు ఈజిప్టు జొన్న లేత మొక్కలలో దీనిని కనుగొన్నారు. అరబ్బీలో జొన్నను ‘ధుర్రా’ అంటారు. ఆ పేరే దీనికి వచ్చింది. ధూరిన్ ఆకులో ఒక అరలోను, దానిని విడగొట్టే ఎంజైము మరొక అరలోను ఉంటాయి. పశువు నమిలినప్పుడు అరలు చితికి రెండూ కలుస్తాయి. అప్పుడు హైడ్రోజన్ సైనైడు అనే విషం పుడుతుంది. పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కూడా ధూరిన్‌ను విడగొట్టి ఈ విషాన్ని పుట్టిస్తాయి.

మొక్కకు మాత్రం ఇది రక్ష. పురుగులను దూరంగా ఉంచుతుంది. నత్రజనిని దాచుకొనే గాదెగానూ పనికి వస్తుంది. బెట్ట వచ్చినప్పుడు పైరు ఎదుగుదల ఆగుతుంది, ధూరిన్ పలుచబడక ఆకులో పేరుకొంటుంది. వాన పడగానే వచ్చే లేత పిలకలలో మరీ ఎక్కువగా ఉంటుంది. యూరియా ఒకేసారి ఎక్కువగా వేసిన చేలోనూ పెరుగుతుంది. పైరు ముదిరి పూతకు వచ్చేసరికి తగ్గుతుంది.

లెక్క చూడండి. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల సైనైడు ప్రాణాపాయం. 400 కిలోల గేదెకు 800 మిల్లీగ్రాములు చాలు. పచ్చిమేత కిలోలో 200 మిల్లీగ్రాములు ఉంటే, ఆకలి మీద గబగబా మేసిన 4 కిలోలే ప్రాణం తీయవచ్చును.

సభ్యులు పాటించవలసినవి:

1. పైరు సగం పూతకు రాకముందు కోసి వేయరాదు, మేపరాదు.
2. బెట్టకు గిడసబారిన పైరుకు నీరు పెట్టి, అది తిరిగి బాగా ఎదిగి పూతకు వచ్చిన పిదపనే కోయాలి.
3. కోత అయిన చేలోకి, ముఖ్యంగా వాన పడిన తరువాత, పశువులను వదలరాదు.
4. ఆకలిగా ఉన్న పశువుకు ముందు వరిగడ్డి వేయాలి.
5. అనుమానమున్న మేతను పూర్తిగా ఎండబెట్టాలి. సగం వాడితే చాలదు. పాతర వేసినా విషం తగ్గుతుంది.
6. యూరియాను దఫాలుగా వేయాలి.
7. బెట్ట ప్రాంతాల వారు కొంత సజ్జ కూడా వేసుకొనుట మేలు. సజ్జలో ధూరిన్ ఉండదు.

మేసిన కొద్ది నిమిషాలలోనే పశువు రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, తూలి పడి కొట్టుకొంటుంది. కంటి రెప్పల లోపల, చిగుళ్ళ మీద రంగు ఎర్రగా మెరుస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరం దానిని వాడుకోలేకపోవడమే ఇందుకు కారణం. ఇక ఒక్క నిమిషమైనా వృథా చేయరాదు. మేత వెంటనే తీసివేసి, పశువైద్యునికి గాని 1962 నంబరుకు గాని ఫోను చేయండి. “జొన్న మేసింది” అని మొదటి మాటగా చెప్పండి. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు మందులను నరానికి సకాలంలో ఎక్కిస్తే పశువు బ్రతుకుతుంది. ఆ పని వైద్యుడే చేయాలి. మందలో మిగిలిన పశువులను కూడా ఆ చేలో నుండి తోలివేయండి.

గేదె పోయిన ఇంటికి పాలబిల్లు ఆగుతుంది గాని, గేదె కోసం చేసిన అప్పు ఆగదు. కావున బెట్ట తరువాత తొలి వాన పడిన నాడే కార్యదర్శులు సంఘం నోటీసు బోర్డు మీద “జొన్న చేలలో మేపకండి” అని వ్రాసి, పాలు పోయడానికి వచ్చిన ప్రతి సభ్యునికి చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాము.