పరిశోధక విద్యార్థుల అంశాలు – పాత్రికేయులు, అధికారులు గమనింపదగిన కొన్ని విషయాలు

సికింద్రాబాదు: తార్నాక కూడలి నుండి ఉప్పల్ వైపు సాగు రహదారిపై అనతి దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సి.సి.ఎం.బి.), జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నెలకొని ఉన్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వీటికి ఇరుగుపొరుగు. మెట్రో రైలు స్టేషన్లలో ఒకటి ఎన్.జి.ఆర్.ఐ. పేరుతోనే పిలువబడుచున్నది. ఈ సంస్థలలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి డాక్టరేట్ కొరకు కృషి చేయుచున్న యువతీయువకుల గురించి పత్రికలలో తరచు వార్తలు వచ్చుచున్నవి. వాటిలో కొన్ని ఆ విద్యార్థి అసలు చేసిన పనిని దాటి పోవుచున్నందున ఈ వివరణ అవసరమైనది.

ఇందుకు తగిన ఉదాహరణ సికింద్రాబాదులోనే కలదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో భారత వైద్య సర్వీసుకు చెందిన సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్ ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల కణాలను సూక్ష్మదర్శినిలో చూచెను. నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమ అది. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆ రోగికి చెల్లించిరి. ఇంతవరకు అందరికీ తెలిసిన కథయే. అయితే అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన రాస్ వ్యాసం శీర్షికలో మలేరియా రహస్యం బయటపడినదన్న మాట లేదు. మలేరియా రక్తం పీల్చిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విలక్షణమైన వర్ణక కణాల గురించి అని మాత్రమే ఉన్నది. చూచినంతవరకే చెప్పిరి.

ఆ జాగ్రత్తకు కారణం కలదు. దోమలో పరాన్నజీవి పెరుగుచున్నదని మాత్రమే బేగంపేటలో తేలినది. అది మరల మనిషికి ఎట్లు చేరునో అప్పటికి తెలియదు. ఇంతలో, సెప్టెంబరులోనే, రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. పని నిలిచిపోయినది. (బదిలీ ఉత్తర్వుల వలన పనులు ఆగుట నేటి విషయం కాదని దీనివలన తెలియుచున్నది.) మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, దోమ లాలాజల గ్రంథులలోకి పరాన్నజీవి చేరుటను ఆయన నిరూపించిరి. మనుషుల విషయంలో నిరూపణ 1898 చివర ఇటలీ శాస్త్రజ్ఞుల చేతులమీదుగా జరిగినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించినది. రాస్ విద్యార్థి కాకపోయినను, పరిశోధక విద్యార్థి చేయు పని ఈ కోవకు చెందినదే. గొలుసులో ఒక లంకె దొరుకును, తక్కిన లంకెలు మరియొకచోట, మరియొకరికి దొరకవచ్చును.

ఈ వ్యాసకర్త ఆర్ట్స్ పట్టభద్రుడు. సర్వీసు తొలినాళ్ళలో ఒక విద్యార్థిని పని గురించి ప్రకటన తయారుచేయుచు "వ్యాధికి మందు" అని శీర్షిక పెట్టుట జరిగినది. ఆమె పరీక్షించినది గాజు పాత్రలో పెంచిన కణాలపై మాత్రమే. మరునాటి నుండి మందు ఎక్కడ దొరుకునని రోగుల బంధువులు ఆమెకు ఫోన్లు చేసిరి. కావున పరీక్ష కణాలపై జరిగినదా, జంతువులపైనా, మనుషులపైనా అను ఒక్క ప్రశ్న విధిగా అడుగవలెనని పాత్రికేయ మిత్రులకు మనవి.

అతిశయోక్తి ఎంత తప్పో, అంశాన్ని చూచి నవ్వుట కూడ అంతే తప్పు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి పాముల క్రోమోజోములను అధ్యయనం చేసి 1971లో డాక్టరేట్ పొందిరి. పాముల క్రోమోజోములతో ప్రజలకేమి పని అని ఆనాడు ఎవరైనను అడిగి ఉండవచ్చును. ఆ విద్యార్థియే డాక్టర్ లాల్జీ సింగ్. తదుపరి ఎడిన్‌బరోలో కట్లపాము జాతి డి.ఎన్.ఏ.లో మాటిమాటికి పునరావృతమగు ఒక భాగాన్ని వేరుచేసిరి. 1987లో సి.సి.ఎం.బి.లో చేరిన పిమ్మట దాని ఆధారంగానే మన దేశంలో డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించిరి. పితృత్వ వివాదాలలో, హత్య కేసులలో న్యాయస్థానాలకు అది సాక్ష్యమైనది. ఆయన 1998 నుండి 2009 వరకు సి.సి.ఎం.బి. సంచాలకులుగా పనిచేసి, 2017లో పరమపదించిరి.

ఇక అధికారుల దృష్టికి తేవలసిన విషయం కాలపరిమితి. సి.ఎస్.ఐ.ఆర్. – యు.జి.సి. జాతీయ అర్హత పరీక్ష ద్వారా ఎంపికైన జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి 1 నుండి వర్తించు ఉత్తర్వుల ప్రకారం నెలకు రూ. 37,000 ఉపకార వేతనం నిర్ణయించబడినది. రెండేళ్ళ తర్వాత పని సమీక్షించి సీనియర్ ఫెలోగా హెచ్చించినచో రూ. 42,000. మొత్తం ఐదేళ్ళు, అనగా అరవై నెలలు. యు.జి.సి. 2022 నిబంధనలు పిహెచ్.డి.కి సాధారణంగా ఆరేళ్ళ వరకు గడువు ఇచ్చుచున్నవి. ఆ ఆరవ ఏట ఈ ఉపకార వేతనం ఉండదు. గ్రామాలలో రక్త నమూనాలకు ఎథిక్స్ కమిటీ ఆమోదం, దాతల లిఖితపూర్వక అంగీకారం కావలెను. రక్షిత వన్యప్రాణుల నమూనాలకు అటవీశాఖ అనుమతి కావలెను. ఇవన్నియు ఉండవలసినవే. అయితే దస్త్రం ఒక బల్లపై మూడు నెలలు నిలిచినచో ఆ మూడు నెలలు పోవునది ఆ అరవైలోనుండియే. మధ్యతరగతి, పేద కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థి ఇంటికి పంపు సొమ్ము కూడ ఈ వేతనం నుండియే కావచ్చునని గమనింపవలెను.

సంస్థల పేర్ల విషయంలోనూ పొరపాట్లు దొర్లుచున్నవి. ప్రయోగశాల ఒకటి, పట్టా ఇచ్చునది వేరొకటి. సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలల విద్యార్థులు పూర్వం ఉస్మానియా, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వంటి వాటిలో నమోదు చేసుకొనెడివారు. 2011 చట్టం ద్వారా అకాడమీ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇన్నోవేటివ్ రీసెర్చ్‌కు ఆ పట్టాలిచ్చు అధికారం లభించినది. వార్తలో రెండు పేర్లూ ఇచ్చుట సమంజసం.

విశ్వవిద్యాలయాలు ఆమోదించిన సిద్ధాంత గ్రంథాలు అనేకం శోధ్‌గంగ నిధిలో ఉచితంగా లభ్యమగుచున్నవి. వార్త రాయుటకు ముందు ముగింపు అధ్యాయాన్నైనా చదువుట మేలు. తన పని ఎక్కడ ఆగినదో విద్యార్థి సాధారణంగా అక్కడ తానే రాసియుండును.