వేసవి సెలవులు – చేయగలిగినంతే లక్ష్యం

పరీక్షలు ముగిసి సెలవులు ఇవ్వగానే ప్రతి ఇంట్లోనూ ఒక జాబితా తయారవుతుంది. స్పోకెన్ ఇంగ్లీషు, కంప్యూటర్, ఈత, డ్రాయింగ్, చేతిరాత, వచ్చే తరగతి లెక్కలు... అమీర్‌పేటలో ఏ సందులోకి వెళ్ళినా కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి కాబట్టి, ఈ చుట్టుపక్కల తల్లిదండ్రులకు ఆశ ఇంకాస్త ఎక్కువ. రెండు వారాలు గడిచేసరికి సగం ఆగిపోతాయి. చివరకు "నా వల్ల ఏదీ కాదు" అనే దిగులు పిల్లల మనసులో మిగిలిపోతుంది. కొందరిలో ఈ దిగులు తలనొప్పిగా, కడుపునొప్పిగా, నిద్రలేమిగా, చీటికిమాటికి కోపంగా బయటపడుతుంది.

ముందు రోజులు లెక్కపెట్టండి

తెలంగాణలో 2025లో పాఠశాలలకు ఏప్రిల్ 24 నుండి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు సెలవులు ఇచ్చారు. ఊరి ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, చుట్టాల రాకపోకలు, ఒంట్లో బాగాలేని రోజులు తీసేస్తే చేతిలో మిగిలేవి 30 రోజులు అనుకోండి. ఆ 30 రోజులకు సరిపడే లక్ష్యమే పెట్టుకోవాలి.

లక్ష్యం ఎలా ఉండాలి?

1. రెండుకు మించకూడదు. ఒకటి ఒంటికి, ఒకటి బుద్ధికి.

2. కొలవడానికి వీలుగా ఉండాలి. "బాగా చదువుతాను" అనే మాటకు కొలత లేదు. రోజుకు 5 పేజీలు చదివితే 30 రోజుల్లో 150 పేజీల కథల పుస్తకం పూర్తవుతుంది. 11 నుండి 20 వరకు ఎక్కాలు మూడు రోజులకు ఒకటి చొప్పున నేర్చుకున్నా 30 రోజులు చాలు.

3. పిల్లలు తామే ఎంచుకోవాలి. పెద్దలు సలహా ఇవ్వవచ్చు.

4. ఎండకు తగినట్లు ఉండాలి. మే నెలలో నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల ఆట లేదా వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఉదయం 8 లోపు గాని, సాయంత్రం 5 తర్వాత గాని ఉండాలి. వెంట నీళ్ళ సీసా తప్పనిసరి. ఈతకు పిల్లలను ఒంటరిగా పంపకూడదు.

5. నిద్రను తగ్గించకూడదు. 6 నుండి 12 ఏళ్ళ వారికి 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళ వారికి 8 నుండి 10 గంటల నిద్ర కావాలి.

ఒక రోజు తప్పితే?

ఏమీ కాదు. మరుసటి రోజు రెట్టింపు చేయించవద్దు, మామూలుగా కొనసాగించండి. వరుసగా మూడు రోజులు తప్పితే లక్ష్యం బరువైందని అర్థం. అప్పుడు దాన్ని సగానికి తగ్గించండి. గోడ క్యాలెండర్‌లో చేసిన రోజుకు పిల్లల చేతే టిక్కు పెట్టించండి. తప్పిన రోజున ఎర్ర గీత వద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

పక్కింటి పిల్లలతో పోల్చకండి. మార్కులు వచ్చే రోజుల్లో మరీ జాగ్రత్తగా ఉండండి. పిల్లలు అన్నం మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, బతకాలని లేదన్నా తేలికగా తీసుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సగంలో వదిలేసిన పది పనుల కన్నా పూర్తయిన ఒక్క చిన్న పని పిల్లలకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యంతో వారిని జూన్‌లో బడికి పంపండి.