గురక నిద్ర హాయి నిద్రేనా?

"అబ్బాజాన్ పడుకోగానే గురక పెడతారు, ఎంత హాయైన నిద్రో!" అని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంటే మాత్రం అది స్లీప్ ఆప్నియా అనే జబ్బు కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 30 సార్లకు చేరితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే.

ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. శరీరం ప్రమాదమనుకుని అడ్రినలిన్ వదులుతుంది, రక్తపోటు పెరుగుతుంది. నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తంలోకి వస్తే, కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మారుస్తుంది. ఈ రోగుల్లో చాలామందికి మంచి కొలెస్ట్రాల్ కూడా తక్కువగా ఉంటుంది. నూనె తగ్గించి, మాత్రలు వాడుతున్నా రిపోర్టు మారకపోతే నిద్ర సంగతీ డాక్టరుకు చెప్పండి.

పొద్దున తలనొప్పి, పగలు బండి నడుపుతూ కునుకు రావడం హెచ్చరికలు. గురక పెట్టేవారికి తమ ఊపిరి ఆగుతున్న సంగతి తెలియదు. పక్కనున్నవారే గమనించి చెప్పాలి. రాత్రిపూట చేసే నిద్ర పరీక్షలో జబ్బు తేలుతుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, సీపాప్ యంత్రం మేలు చేస్తాయి. కొలెస్ట్రాల్ మాత్రలను మాత్రం సొంతంగా ఆపకండి.