మీకు తెలుసా? అన్నవాహికలో మైనస్ 196 డిగ్రీల జల్లు

అన్నవాహికలో క్యాన్సర్‌గా మారే ముప్పున్న పొరను కోయకుండా, కాల్చకుండా గడ్డకట్టించి చంపే చికిత్స ఒకటుంది. ఎండోస్కోపు గుండా సన్నని క్యాథెటర్ దింపి, దాని కొస నుంచి ద్రవ నైట్రోజన్ చల్లుతారు. అది మరిగేదే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర! చూస్తుండగానే ఎర్రటి పొర మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. కొన్ని సెకన్లు గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్లీ చల్లుతారు. కణాలు చనిపోయినా కింది కొలాజెన్ అల్లిక చాలావరకు నిలుస్తుంది. కొత్త పొర పెరగడానికి అదే ఆధారం.

మొదటి చిక్కు ఈ క్యాథెటర్ గొట్టం తయారీలోనే. అంత చలికి చాలా రకాల ప్లాస్టిక్‌లు పెళుసుబారి విరుగుతాయి. గొట్టం వెచ్చగా ఉంటే నైట్రోజన్ దారిలోనే ఆవిరైపోతుంది కాబట్టి ముందు గొట్టాన్ని చల్లబరచాలి. వీటన్నిటికన్నా భయపెట్టేది వాయువు. ద్రవ నైట్రోజన్ ఆవిరై శరీరపు వేడికి చేరేసరికి దాదాపు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. బయటికి దారి లేకపోతే కడుపు ఉబ్బి చిల్లు పడొచ్చు. అందుకే పక్కనే మరో గొట్టం వేసి వాయువును ఎప్పటికప్పుడు లాగేస్తారు. ఈ చికిత్సలో రోగి ప్రాణానికి నిజమైన కాపలా ఈ రెండో గొట్టమే. అది మూసుకుపోతే చల్లడం వెంటనే ఆపాల్సిందే.