పేడ లేనివాళ్ల పెరట్లో వానపాములు

మొన్న కూలీల సమావేశంలో ఒకావిడ లేచి అడిగింది: "వానపాముల ఎరువు చెయ్యమంటున్నావు గదన్నా, పేడ ఎక్కణ్ణుంచి తెమ్మంటావు? గేదే వుంటే నేను కూలికెందుకు పోతాను?"

నిజమే. ట్రాక్టర్లొచ్చాక ఎడ్లు పోయాయి. దొడ్డి ఊడ్చేది మనవాళ్లు, పేడ మాత్రం ఆసామి పెంటకుప్పకే. దొడ్డి పనికి బేరమాడేటప్పుడు కూలితోపాటు రోజుకో తట్ట పేడ అడగమన్నాను. మొదట నవ్వారు. ఇప్పుడు నాలుగిళ్లవాళ్లు అడిగి తెచ్చుకుంటున్నారు.

సెంటున్నర ఇంటి స్థలంలోనైనా ఇది చెయ్యొచ్చు. పాత ప్లాస్టిక్ టబ్బు చాలు, అడుగున చిల్లులుండాలి. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. నీళ్లు నిలిస్తే ఊపిరాడదు, తడి ఆరితే చస్తుంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. (ఈ పురుగు మీద డార్విన్ అంతటివాడు 1881లో ఏకంగా పుస్తకమే అచ్చువేశాడు.)

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. పచ్చిపేడ నింపి ఆరోజే పురుగుల్ని వదిలాను. పేడ మాగేటప్పుడు వేడెక్కుతుందని తెలీదు. తెల్లారేసరికి కొన్ని అంచులెక్కి పారిపోయాయి, మిగతావి చచ్చాయి. పెట్టిన డబ్బు మట్టిపాలు. ఆకులూ అలములూ పేడతో కలిపి, నీళ్లు చల్లుతూ పదిహేను ఇరవై రోజులు మాగనివ్వాలి. చెయ్యి పెడితే చల్లగా తగలాలి.

పొలంలో దొరికే ఎర్రలు పనికిరావు, అవి లోతుకు దిగి మట్టి తింటాయి. పైపైనే వుండి చెత్త తినే యూడ్రిలస్, ఐసీనియా రకాలు కావాలి. కిలోల లెక్కన కొనక్కర్లేదు, పెంచుతున్నవాళ్లింట్లో దోసెడు అడిగితే అవే పెరుగుతాయి. నీడన పెట్టి తడి గోనెపట్టా కప్పండి. చీమలు, కోళ్లు, ఎలుకలు శత్రువులు. నిమ్మతొక్కలు, ఉప్పూ నూనే తగిలిన కూర వెయ్యొద్దు. రెండు నెలలకు టీపొడిలాగా అవుతుంది. మూడురోజులు నీళ్లాపి వెలుతుర్లో కుప్ప పోస్తే పురుగులు అడుక్కి దిగిపోతాయి, పైది తీసుకోవచ్చు.

ఇక ఒక లెక్క. ఇదుంటే యూరియా అక్కర్లేదని వేదికలెక్కి చెప్పేవాళ్లున్నారు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన నత్రజని వుంటుంది. ఈ ఎరువులో నూటికి కిలోన్నర వుందనుకున్నా, అంత నత్రజనికి దాదాపు 1,400 కిలోలు కావాలి. మూడెకరాలు కౌలుకు చేసేవాడికి టబ్బెరువు ఏ మూలకు? నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది, పెరట్లో వంగా బెండా బాగా కాస్తాయి. అంతవరకు మాట నిజం. బస్తా కోసం క్యూలో నిలబడ్డ రైతుకు మాత్రం ఇది జవాబు కాదు.

మిగిలింది నర్సరీలకు అమ్మే ఆడవాళ్లున్నారు. తడిగా వుందని తూకంలో కోత పెడతారు. ముందురోజే నీడలో ఆరబెట్టి, కాటా దగ్గర ఒక్కరే కాకుండా నలుగురూ కలిసి నిలబడండి.