మహమ్మారి దినములలో బిడ్డల పెంపకము



పైరు తెగుళ్లను గూర్చియు, ఎరువులను గూర్చియు మీకు వ్రాయుట నాకు అలవాటు. ఈ మాసము మాత్రము పొలము గట్టు దిగి, ఇంటి గడప లోపలి సంగతి యొకటి విన్నవింపదలచితిని. మహమ్మారి దినములు గడచిపోయినవి. కాని ఆ దినములలో మన యిండ్ల యందు బయటపడిన లోపములు కూడ వానితోనే పోయినవని తలచుట పొరపాటు.

ఇట్టి యాపద మన దేశమునకు క్రొత్త కాదు. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లూయెంజా జ్వరమున మన దేశమునందు కోటిమందికి పైగా మరణించిరని పరిశోధకుల అంచనా. అది ముఖ్యముగా ఇరువది మొదలు నలువది యేండ్ల వయస్సు వారిని, అనగా చిన్నబిడ్డల తలిదండ్రులను, పొట్టబెట్టుకొనెను. 2020లో వచ్చిన కోవిడ్ తీరు వేరు. అది వృద్ధులను ఎక్కువగా బాధించెను. బిడ్డలలో పెక్కుమందికి స్వల్పజ్వరముగనే వచ్చి పోయెను. అయినను బిడ్డలు దెబ్బ తప్పించుకొనలేదు. వారికి దెబ్బ ఒంటికి గాక చదువునకును, మనస్సునకును తగిలెను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ ఆరంభమగునప్పటికి మన దాళ్వా వరి కోతకు వచ్చుచుండెను. సేద్యపు పనులకు కొలది దినములలోనే సడలింపు వచ్చెను గాని బడులకు రాలేదు. పాఠములు దూరదర్శన్ సప్తగిరిలోనికిని, ఫోనులోనికిని మారెను. అసర్ అను గ్రామీణ విద్యాసర్వే ననుసరించి, బడిలో పేరున్న పల్లెటూరి బిడ్డలలో ఇంట స్మార్టుఫోను గలవారు 2018లో నూటికి 36.5 మంది, 2020లో 61.8 మంది. కాని ఇంట ఫోను ఉండుట వేరు, బిడ్డ చేతికి అందుట వేరు. కాలువ పారుట వేరు, మడి తడియుట వేరని రైతులకు నేను చెప్పనక్కరలేదు.

మా యింట ఉన్నది ఒకే ఫోను. పగలు అది నాతో పొలములకు వచ్చెడిది. సాయంకాలము పదవ తరగతి చదువు మా అబ్బాయికి ఇచ్చెడివాడను. పరీక్ష పెద్దది గదా యని నా సమాధానము. ఏడవ తరగతి చదువు మా అమ్మాయి నీళ్లు తోడుచు, గిన్నెలు తోముచు, నాయనమ్మకు జావ అందించుచు నుండెను. అది అడుగలేదు గనుక దానికి అక్కరలేదనుకొంటిని.

2020 ఆగష్టులో, నాట్ల కాలమున, శివారు పొలములకు నీరందక తగవు వచ్చెను. ఎగువ రైతులను కూర్చుండబెట్టి, "శివారు వాడు మాత్రము శిస్తు కట్టుట లేదా? వంతు ప్రకారము నీరు వదలుడు" అని గట్టిగా చెప్పి, ఆ మాటనే రాత్రి భోజనము వేళ ఇంట గొప్పగా చెప్పుకొంటిని. అమ్మాయి మజ్జిగ పోయుచు మెల్లగా, "నాన్నా, మన ఫోనుకు కూడ వంతులు పెట్టరాదా?" అనెను. నాకు ముద్ద దిగలేదు. ఊరి శివారు పొలము కొరకు వాదించిన నేను, నా యింటి శివారు పొలమును ఎండబెట్టితిని.

నేను చదివిన మిషను పాఠశాలలో గంట కొట్టినప్పుడే పుస్తకము తెఱచుట, గంట కొట్టినప్పుడే మూయుట నియమము. మరునాడు పాత ఎద్దు మెడగంటను వాకిట కట్టితిమి. ఉదయము 6 గంటల నుండి 7 వరకు ఫోను అమ్మాయిది. నేను భోజనమునకు వచ్చినప్పుడు ఒక గంట అబ్బాయిది. రాత్రి చెరి అరగంట. గిన్నెలకును, నీళ్లకును కూడ అదే తీరున వంతు లేర్పడెను. అబ్బాయి నాలుగు దినములు మొగము ముడుచుకొనెను. అయిదవ దినము అలవాటుపడెను.

ఆ యలవాటు 2021 మే నెలలో మమ్ము కాపాడెను. రెండవ విజృంభణలో నా భార్యకు జ్వరము తగిలి, పదునాలుగు దినములు వేరు గదిలో నుండెను. అబ్బాయి వండిన అన్నము ఒకనాడు పలుకు, ఒకనాడు ముద్ద. కాని ఎవ్వరును పస్తుండలేదు. అమ్మాయి ఒక రాత్రి, "అమ్మ బ్రతుకునా?" అని యడుగగా, నోరు మూయుమని కసరితిని. అది దుప్పటి క్రింద ఏడ్చుట విని సిగ్గుపడి, లేపి ఉన్నదున్నట్లు చెప్పితిని: ఆక్సిజను కొలత 94కు తగ్గనంతవరకు ఇంటనే ఉండవచ్చును, తగ్గినచో వెంటనే ఆసుపత్రికి పోవుదుము అని. నాటి నుండి ఉదయసాయంకాలములు తల్లి చెప్పిన అంకెను తానే పుస్తకమున వ్రాసికొనెను. కిటికీ వెలుపల కూర్చుండి తల్లికి పాఠము చదివి వినిపించెను. దానికి భయము పూర్తిగా పోలేదు గాని నిద్ర పట్టెను. తల్లియు కోలుకొనెను.

ఇక ఏ పరీక్ష కొరకు ఫోనంతయు అబ్బాయి కిచ్చితినో, ఆ పదవ తరగతి పరీక్ష 2021 జూనులో మన రాష్ట్రమున రద్దయ్యెను, అందరును ఉత్తీర్ణులైరి. అమ్మాయి పోగొట్టుకొన్న నెలలను మాత్రము ఎవ్వరును తిరిగి యియ్యలేదు. అది భిన్నముల లెక్కలను ఒక యేడు వెనుకకు పోయి మరల నేర్చుకొనవలసి వచ్చెను.

నష్టము దేశమంతట ఇట్లే జరిగెను. మూడవ తరగతి పల్లెటూరి బిడ్డలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 27.3 మంది కాగా, 2022లో 20.5 మందికి తగ్గిరి. 2024లో మరల 27.1 మందికి చేరిరి. వాడిన నారు తడి పెట్టినచో తేరుకొనునని దీనివలన తెలియుచున్నది. కాని తడి పెట్టువాడు కావలయును.

కావున సభ్యులకు నా మనవి యిది. ఆ యేండ్లలో చిన్న తరగతులు చదివిన బిడ్డ మీ యింట నున్నచో, ఈ రాత్రియే ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించుడు. మీకు చదువు రాకున్నను, బిడ్డ ఎక్కడ ఆగునో మీ చెవికి తెలియును. ఆగినచో కొట్టకుడు, పంతులుగారితో చెప్పుడు. ఇంట ఏ వస్తువు కొఱతగా నున్నను వంతు వేయుడు. పనికిని వంతు వేయుడు. కష్టము వచ్చినప్పుడు బిడ్డలకు నిజము చెప్పి, చేతనైన పని యొకటి అప్పగింపుడు. పోటీ పరీక్షలకును, పెండ్లికిని అప్పు తెచ్చు మనము, ఆడుబిడ్డకు దినమునకు ఒక గంట కాలము ఇయ్యజాలమా?

అడుగని బిడ్డకు అక్కరలేదని తలపకుడు. శివారు పొలము నోరు తెఱచి అడుగదు; నెఱ్ఱెలు విచ్చి చూపును. అంతవరకు ఆగుట మంచి సేద్యము కాదు.